రెండు సిలికోన్ స్తంభాల మధ్య కండరం: ప్రాజెక్టు డైరీ

చిట్టెలుక మయోబ్లాస్టుల (కండరంగా మారబోయే కణాల) నుంచి సన్నని కండర కణజాలాన్ని పెంచి, దాని రెండు కొసలను రెండు సిలికోన్ స్తంభాలకు తగిలించి, విద్యుత్ తాకిడికి స్తంభం ఎంత వంగుతుందో చూసి బలాన్ని లెక్కగట్టడం ఈ ప్రాజెక్టు పని. వాడిన కణాలు సీ2సీ12 శ్రేణివి. 1977లో పరిశోధకులు యాఫె, సాక్సెల్ వేరుచేసిన కణ శ్రేణి నుంచి ఆ తర్వాత ఎంపిక చేసి తీసిన ఉపశ్రేణి ఇది. అమరిక నిలకడకు వచ్చేసరికి తొలి రూపంలోనిది దాదాపు ఏదీ మిగలలేదు కాబట్టి, ఏది ఎందుకు మారిందన్నదానికే ఈ డైరీలో ఎక్కువ చోటు ఇచ్చాను.

బలం తక్కువగా వచ్చినప్పుడు సార్కోమియర్లు (కండరంలో కుదించుకునే అతి చిన్న ప్రమాణాలు) సరిగా ఏర్పడలేదని ఎవరైనా అనుకుంటారు. ఈ కొలతల్లో మాత్రం లోటు ఎక్కువగా సార్కోమియర్లలో లేదు. వాటిని కణపు పొరకు, ఆ పొరను కణాల చుట్టూ ఉన్న ప్రోటీన్ జాలానికి కలిపే అతుకుల్లో ఉంది. ఆ సంగతి తేలడానికి ముందు కొలిచే సాధనాన్నే నమ్మదగినదిగా చేసుకోవలసి వచ్చింది.

1వ దశ: స్తంభం, దాని గట్టిదనం

సిల్గార్డ్ 184 సిలికోన్‌ను పది పాళ్లకు ఒక పాలు గట్టిపరిచే ద్రవంతో కలిపి, గాలి బుడగలు తీసి, అచ్చులో పోసి, 60 డిగ్రీల వద్ద నాలుగు గంటలు ఉంచితే స్తంభాలు తయారవుతాయి. ఒక కొస బిగించిన కడ్డీగా లెక్కిస్తే, స్తంభపు గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది, పొడవు మూడో ఘాతాన్ని అనుసరించి తగ్గుతుంది. మొదటి స్తంభాల వ్యాసం 1 మి.మీ.; కణజాలం తగిలే ఎత్తు 4 మి.మీ. స్థితిస్థాపక గుణకాన్ని 1.7 మెగాపాస్కల్స్‌గా తీసుకుంటే, ఒక మైక్రాన్ వంగడానికి 3.9 మైక్రోన్యూటన్లు కావాలి. కెమెరాలో ఒక పిక్సెల్ 1.6 మైక్రాన్లకు సమానం కాబట్టి, 6 మైక్రోన్యూటన్ల సంకోచం ఒక్క పిక్సెల్ కదలికగా మాత్రమే కనిపిస్తుంది. ఆ స్తంభాలతో కొలత సాధ్యం కాదు.

వ్యాసాన్ని 0.7 మి.మీ.కి తగ్గించడంతో లెక్క ప్రకారం గట్టిదనం మైక్రాన్‌కు 0.94 మైక్రోన్యూటన్లకు దిగింది. అయితే సిలికోన్ గుణకం కలిపిన పాళ్లను, కాల్చిన వేడిని, గడిచిన సమయాన్ని బట్టి మారుతుంది కనుక, పుస్తకంలోని విలువను నమ్మకుండా ప్రతి పోతలోనూ రెండు స్తంభాలను నేరుగా కొలవాలి. ఖరీదైన బల సంవేదకం లేకపోయినా సున్నిత త్రాసుతో ఆ పని జరుగుతుంది.

1. 0.1 మిల్లీగ్రాము వరకు చూపే త్రాసు పళ్లెం మీద ఒక సన్నని గాజు కడ్డీని నిలువుగా అతికించి సున్నా చేయాలి.
2. స్తంభాన్ని అడ్డంగా, మైక్రోమీటర్ మరతో కిందికి దిగే పీటకు బిగించాలి.
3. కణజాలం తగిలే ఎత్తు దగ్గరే, అంటే మొదలు నుంచి 4 మి.మీ. వద్ద, స్తంభం గాజు కొనను తాకేలా అమర్చాలి.
4. 50 మైక్రాన్ల చొప్పున 400 మైక్రాన్ల వరకు దింపుతూ, ప్రతిసారీ అంకె నిలకడ పడ్డాక రాసుకోవాలి.
5. అదే దారిలో పైకి తెస్తూ మళ్లీ రాయాలి. రెండు గీతలూ కలవకపోతే బిగింపు జారుతున్నట్టే.

ప్రతి 100 మైక్రాన్లకు 7.1 మిల్లీగ్రాముల బరువు కనిపించింది. ఒక మిల్లీగ్రాము 9.81 మైక్రోన్యూటన్లు కాబట్టి అసలు గట్టిదనం మైక్రాన్‌కు 0.70 మైక్రోన్యూటన్లు. లెక్కలో వచ్చిన విలువకు ఇది దాదాపు నాలుగింట మూడు వంతులు. 60 డిగ్రీల వద్ద గట్టిపడిన సిలికోన్ మెత్తగా ఉండటం ఒక కారణం, స్తంభం మొదలున్న పీట కూడా కొంచెం వంగడం మరొకటి. ఇకపై ఈ డైరీలో ప్రతి బలమూ 0.70తో లెక్కించినదే.

2వ దశ: పోత, కొక్కెం, ఎత్తు

తొలి రూపంలో స్తంభాలు తొట్టి అడుగు నుంచి పైకి నిలబడి ఉండేవి. కణాలు కలిపిన ఫైబ్రిన్ (రక్తపు గడ్డలో ఉండే ప్రోటీన్) జెల్‌ను తొట్టిలో పోస్తే, అది రెండు మూడు రోజుల్లో కుదించుకుపోయి, స్తంభాల చుట్టూ పట్టీలా బిగుసుకుంటుంది. అలా బిగుసుకున్న పట్టీ ఒక్కో తొట్టిలో ఒక్కో ఎత్తున ఆగింది: కొన్నింటిలో 3 మి.మీ., కొన్నింటిలో 4 మి.మీ. గట్టిదనం ఎత్తు మూడో ఘాతం మీద ఆధారపడుతుంది కాబట్టి, ఈ తేడా ఒక్కటే బలాన్ని 2.4 రెట్లు తారుమారు చేస్తుంది. మిగతా పట్టీలు నున్నని స్తంభం మీదుగా పైకి పాకి జారిపోయాయి. కణజాలం లాగడం మొదలుపెట్టిందనడానికి అది మంచి గుర్తే కానీ, కొలవడానికి పనికిరాదు.

రెండు మార్పులు చేశాను. స్తంభం కొనకు 1.2 మి.మీ. వెడల్పున్న టోపీ వచ్చేలా అచ్చు మార్చాను. స్తంభాలను తలకిందులుగా మూత నుంచి వేలాడదీసి, 2 శాతం అగరోజ్‌తో చేసిన తొట్టిలోకి దింపాను. జెల్ గట్టిపడ్డాక మూతను ఎత్తితే పట్టీ స్తంభాలతోపాటు వచ్చేస్తుంది. అగరోజ్‌కు కణాలు అంటుకోవు కాబట్టి చిరగదు. పట్టీ టోపీకి ఆనుకుని ఉండటం వల్ల ఎత్తు తేడా 0.1 మి.మీ. లోపుకు వచ్చింది.

అటుపై మరొక ఇబ్బంది ఎదురైంది. వారం దాటేసరికి పట్టీలు మధ్యలో సన్నబడి తెగేవి. కణాలు విడుదల చేసే ఎంజైములు ఫైబ్రిన్‌ను కరిగిస్తాయి. సంకోచం మొదలయ్యే రోజులకే జాలం బలహీనపడుతుంది. పోషక ద్రవంలో మిల్లీలీటరుకు 1.5 నుంచి 2 మిల్లీగ్రాముల అమినోకాప్రోయిక్ ఆమ్లం కలిపితే ఈ కరుగుదల ఆగుతుంది. ప్రతిసారి ద్రవం మార్చినప్పుడూ దాన్ని కలపాలి. ఒక్కసారి మానితే చాలు, పట్టీ నడుము సన్నబడుతుంది.

ఇప్పటి వరకు లెక్క: పోసిన పట్టీలు 24, జారిపోయినవి 9, మధ్యలో తెగినవి 7, రెండో వారం వరకు నిలిచినవి 8. ఆ ఎనిమిదిలో ఆరు టోపీ స్తంభాల మీదివి.

3వ దశ: చారలు ఎప్పుడు, ఎక్కడ

సీరం శాతాన్ని తగ్గించి 2 శాతం గుర్రపు సీరానికి మార్చితే మయోబ్లాస్టులు విభజన ఆపి, ఒకదానితో ఒకటి కలిసిపోయి పొడవాటి మయోట్యూబులుగా మారతాయి. కణాలు తొట్టిలో 70 శాతం మించి కమ్ముకోకముందే వాటిని విడదీసి కొత్త తొట్టెల్లోకి మార్చడం ఈ శ్రేణికి తప్పనిసరి. లేకపోతే కలిసిపోయే గుణమున్న కణాలే తరిగిపోతాయి.

సార్కోమియర్లు వరుసగా కూడితే కణంలో అడ్డ చారలు కనిపిస్తాయి. ఆ కూర్పును చూడటానికి ఆల్ఫా-ఆక్టినిన్‌కు రంగు వేశాను. సార్కోమియర్ రెండు అంచులైన జెడ్ రేఖల వద్ద ఆక్టిన్ తంతువులను అడ్డంగా కట్టిపెట్టే ప్రోటీన్ ఇది. మొదట 20 రెట్ల కటకంతో తీసిన చిత్రాల్లో అంతా చుక్కలే. ఆ చుక్కల మధ్య దూరం ఒక్కో చిత్రంలో ఒక్కో విధంగా వచ్చింది. పిక్సెల్ 0.6 మైక్రాన్లుగా ఉన్నప్పుడు ఒక మైక్రాన్ లోపు దూరాలను కొలవడం కుదరదు. 63 రెట్ల నూనె కటకంతో, పిక్సెల్ 0.1 మైక్రాన్‌కు మించకుండా చిత్రాలు మళ్లీ తీశాకే అర్థం కుదిరింది.

ద్రవం మార్చిన మూడో రోజున చుక్కలు కణపు అంచున, పొరకు దగ్గరగా, గీతల వెంట వరుస కట్టి ఉన్నాయి. వాటి మధ్య దూరం 0.7 నుంచి 1.0 మైక్రాన్. శాంగర్ బృందం ప్రతిపాదించిన నమూనాలో ఈ తొలి తంతువులకు ముందస్తు మయోఫైబ్రిల్ అని పేరు. మయోఫైబ్రిల్ అంటే సార్కోమియర్లు వరుసగా కూడిన పోగు. వీటిలో ఉండేది కండరపు మయోసిన్ కాదు, మామూలు కణాల్లో ఉండే మయోసిన్-2. తర్వాతి రోజుల్లో చుక్కలు పక్కపక్కవి కలిసి గీతలవుతాయి, దూరం పెరుగుతుంది, ఎనిమిదో రోజుకు సగటున 2.2 మైక్రాన్లకు చేరింది. ఈ అంకె యాదృచ్ఛికం కాదు. మందపు (మయోసిన్) తంతువు పొడవు 1.6 మైక్రాన్లు, సన్న (ఆక్టిన్) తంతువు దాదాపు ఒక మైక్రాన్. జెడ్ రేఖ నుంచి సార్కోమియర్ నడుమ ఉండే ఎమ్ రేఖ వరకు ఒకే అణువుగా సాగే టైటిన్ అనే ప్రోటీన్ మందపు తంతువును కేంద్రంలో నిలిపి ఉంచుతుంది. సన్న తంతువుకు జెడ్ వైపు కొసను క్యాప్‌జెడ్, మరో కొసను ట్రోపోమాడ్యులిన్ మూసి ఉంచుతాయి.

అయితే ఈ చారలు పట్టీ అంతటా రాలేదు. అడ్డంగా కోసి చూస్తే బయటి 150 మైక్రాన్ల పొరలోనే ఉన్నాయి. లోపలి కణాలు సన్నబడి, చాలావరకు చనిపోయి కనిపించాయి. పట్టీ మందం 0.6 మి.మీ.; ఆక్సిజన్ అంత లోతుకు అందదు. పోత పరిమాణాన్ని 100 మైక్రోలీటర్ల నుంచి 60కి తగ్గించాను, పళ్లేన్ని నెమ్మదిగా ఊపే పీట మీద ఉంచాను. మందం 0.45 మి.మీ.కి దిగింది, చచ్చిన లోపలి భాగం దాదాపు మాయమైంది. కణాలు తగ్గినా చారలున్న మయోట్యూబులు తగ్గలేదు.

చారలు రావడానికి పట్టు, అంటే రెండు కొసల మధ్య బిగువు, అవసరమా కాదా అన్నది తేల్చడానికి ఒక చిన్న పరీక్ష పెట్టాను. సీరం మార్చిన రోజునే కొన్ని పట్టీలను ఒక స్తంభం దగ్గర కత్తిరించి వదిలేశాను. మరికొన్నింటిని రెండు వైపులా తగిలించి ఉంచి, మయోసిన్-2ను అడ్డుకునే బ్లెబిస్టాటిన్‌ను 20 మైక్రోమోలార్ గాఢతలో కలిపాను. ఎనిమిదో రోజున, రెండు వైపులా తగిలి ఉన్న మామూలు పట్టీల్లో దాదాపు సగం మయోట్యూబులకు స్పష్టమైన చారలున్నాయి. కత్తిరించినవాటిలో పదింట ఒకదానికి మాత్రమే ఉన్నాయి. బ్లెబిస్టాటిన్ వేసినవాటిలో చుక్కలే తప్ప చారలు లేవు. పండ్ల ఈగ ఎగిరే కండరాల మీద 2014లో వచ్చిన పరిశోధన కూడా ఇదే వైపు చూపుతుంది: స్నాయువుకు అతుక్కుని, ఒత్తిడి ఏర్పడ్డాకే అక్కడ మయోఫైబ్రిళ్లు కూడతాయి. బ్లెబిస్టాటిన్ నీలి కాంతిలో చెడిపోతుంది, అలా చెడిన పదార్థం కణాలకు హానికరం కూడా. అందువల్ల ఆ పట్టీలను ఎర్ర దీపం కిందే చూడాలి.

4వ దశ: విద్యుత్ తాకిడి, కెమెరా

స్టీలు తీగలతో మొదలైన తాకిడి కొద్ది నిమిషాలకే బుడగలు తెప్పించింది, ద్రవపు రంగును పసుపు వైపు మార్చింది. అంటే కణాలకు అందుతున్నది తాకిడితోపాటు ఆమ్లం కూడా. కార్బన్ కడ్డీలకు మారి, ప్రతి తాకిడినీ ముందు ఒక దిశలో, వెంటనే ఎదురు దిశలో ఇచ్చేలా చేస్తే బుడగలు ఆగాయి. ప్రస్తుతం కడ్డీల మధ్య దూరం 10 మి.మీ., వోల్టేజి 20, తాకిడి వ్యవధి 2 మిల్లీసెకన్లు.

కెమెరాలో రెండు సంగతులు చూసుకోవాలి. సెకనుకు 30 చిత్రాలు తీస్తే ఒక్కో చిత్రానికి 33 మిల్లీసెకన్లు పడుతుంది. సంకోచపు శిఖరం రెండు చిత్రాల మధ్య పడిపోతుంది. అదే పట్టీని 30 చిత్రాలతో కొలిస్తే 9 మైక్రాన్లు, 100 చిత్రాలతో కొలిస్తే 12 మైక్రాన్లు వంగినట్టు వచ్చింది. ఇక రెండు స్తంభాల వంపులను కూడి బలంగా చూపే పొరపాటు సులువుగా జరుగుతుంది. పట్టీలో బలం ఒక్కటే, అది రెండు కొసల్లోనూ సమానంగా కనిపిస్తుంది. రెండు వంపులు పది శాతానికి మించి తేడాగా ఉంటే ఆ కొలతను పక్కన పెట్టాలి. ఏదో ఒక కొస టోపీ మీద జారుతున్నట్టు లెక్క.

తాకిడి లేనప్పుడు కూడా స్తంభాలు లోపలికి 260 మైక్రాన్లు వంగి ఉన్నాయి, అంటే 182 మైక్రోన్యూటన్లు. బ్లెబిస్టాటిన్‌తో అది 90 మైక్రాన్లకు పడిపోయింది. నిలకడగా ఉండే ఈ లాగుడులో చాలా భాగం కణాల మయోసిన్‌దే. మిగిలింది కుదించుకుపోయిన జాలానిది. చారలు ఏర్పడటానికి కావలసిన పట్టు కూడా ఇక్కడి నుంచే వస్తోంది.

తొలి అంకెలు: ఒక్క తాకిడికి 8.4 మైక్రోన్యూటన్లు, సెకనుకు 20 తాకిడులు వరుసగా ఇచ్చినప్పుడు 28 మైక్రాన్లు, అంటే 19.6 మైక్రోన్యూటన్లు.

5వ దశ: బలం ఎక్కడ తగ్గింది

ఈ అంకె తక్కువా, ఎక్కువా అని తేల్చడానికి కింది నుంచి లెక్క కట్టాను. ఎదిగిన కండరం చదరపు మీటరుకు సుమారు 250 కిలోన్యూటన్ల బలం ఇస్తుంది. ఒక మైక్రాన్ వ్యాసమున్న మయోఫైబ్రిల్ అడ్డుకోత 0.79 చదరపు మైక్రాన్లు కాబట్టి, దాని వాటా దాదాపు 0.2 మైక్రోన్యూటన్లు. ఒకదాని వెనుక ఒకటిగా ఎన్ని సార్కోమియర్లు ఉన్నా ఈ బలం పెరగదు. పెరిగేది కుదింపు పొడవే. పోగును ఎంత పొడిగించినా తాడు బలపడదు, పక్కపక్కన పోగులు కలిపి పేనితేనే బలపడుతుంది.

అడ్డుకోతల్లో పట్టీకి సుమారు 60 మయోట్యూబులు, ఒక్కోదానిలో చారలున్న మయోఫైబ్రిళ్లు 20 వరకు కనిపించాయి. అంటే 1,200 పోగులు, పై హద్దుగా 240 మైక్రోన్యూటన్లు. ఒక్క తాకిడికి కాల్షియం పూర్తిగా నిండదు కనుక వరుస తాకిడి విలువనే దీనితో పోల్చాలి: 19.6 అంటే 100 పోగుల పని. పిండదశ మయోసిన్ బలహీనమనుకున్నా ఇంత తేడా రాకూడదు.

జెల్‌లో ఒక మైక్రాన్ వ్యాసమున్న వెలుగు పూసలను కలిపి, సంకోచ సమయంలో వాటి కదలికను చూశాను. మయోట్యూబు ఉపరితలం 5 మైక్రాన్లు కదిలినప్పుడు, దానికి 3 మైక్రాన్ల దూరంలో ఉన్న పూస 2 మైక్రాన్లే కదిలింది. కణం లోపల లాగుతోంది. బయటి జాలం దానితో రావడం లేదు. స్తంభాల మధ్య దూరం 7 మి.మీ. కాగా మయోట్యూబుల పొడవు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. అంటే ఏ మయోట్యూబూ రెండు స్తంభాలనూ అందుకోలేదు. బలం ఒక కణం పక్క గోడ నుంచి జాలంలోకి, జాలం నుంచి పక్క కణంలోకి దాటుకుంటూ పోవాలి. ఆ దాటే చోట జారితే, సార్కోమియర్లు ఎదురు బరువు లేకుండా కుదించుకుపోయి, తమ బలాన్ని తామే పోగొట్టుకుంటాయి.

పక్కకు బలం దాటించే అతుకును కాస్టమియర్ అంటారు. పొర లోపలివైపు, జెడ్ రేఖలకు ఎదురుగా పట్టీలుగా ఏర్పడే ఈ నిర్మాణంలో రెండు ప్రోటీన్ గొలుసులున్నాయి. ఒకటి డిస్ట్రోఫిన్ నుంచి డిస్ట్రోగ్లైకాన్‌కు, రెండోది విన్‌క్యులిన్, టాలిన్‌ల ద్వారా ఇంటిగ్రిన్‌కు. రెండూ బయటి జాలంలోని ప్రోటీన్ అయిన లామినిన్‌ను పట్టుకుంటాయి. జెడ్ రేఖలను పక్కపక్కన కట్టి ఉంచేది డెస్మిన్. 427 కిలోడాల్టన్ల డిస్ట్రోఫిన్ లోపించడమే డుషెన్ కండర క్షీణతకు మూలం. ఆ ప్రోటీన్ లేని ఎలుకల్లో పక్కకు బలం దాటడం బాగా తగ్గుతుందని 2011లో కొలిచి చూపారు. తొలి జెల్‌లో లామినిన్ దాదాపు లేదు: అంతా ఫైబ్రిన్, లామినిన్ ఎక్కువగా ఉండే మాట్రిజెల్ 5 శాతమే. లాగే యంత్రం ఉన్నా, పట్టుకోవడానికి బయట ఏమీ లేదన్నమాట.

ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేస్తూ, ఒక్క తాకిడి బలాన్ని కొలిచాను.

1. మాట్రిజెల్ 5 నుంచి 20 శాతానికి: 8.4 నుంచి 21 మైక్రోన్యూటన్లు. పూస ఇప్పుడు 5 మైక్రాన్లలో 4 కదులుతోంది.
2. స్తంభాల మధ్య దూరాన్ని రోజుకు కొంచెంగా, మొత్తం 10 శాతం పెంచడం: 31.5. అంతకుముందు చాలా సార్కోమియర్లు 1.9 మైక్రాన్ల వద్ద ముడుచుకుని ఉన్నాయి. కప్ప కండర తంతువుల్లో గార్డన్, హక్స్లీ, జూలియన్ 1966లో చూపినట్టు గరిష్ఠ బలం 2.0 నుంచి 2.25 మైక్రాన్ల మధ్య వస్తుంది. అంతకంటే కురచైతే తగ్గుతుంది.
3. ఆరో రోజు నుంచి రోజుకు రెండు గంటలు సెకనుకు ఒక తాకిడి: 60. వరుస తాకిడికి 140.

140 మైక్రోన్యూటన్లంటే 700 పోగుల పని. ఈ మూడు మార్పుల్లో అడ్డుకోతలోని మయోఫైబ్రిళ్ల సంఖ్య చెప్పుకోదగ్గంతగా మారింది చివరిదానిలోనే, అదీ 1,200 నుంచి 1,400కే. డిస్ట్రోఫిన్‌కు రంగు వేసి చూస్తే, తొలి జెల్‌లో అది పొర వెంట మరకలుగా ఉండేది. కొత్త జెల్‌లో లోపలి జెడ్ రేఖలకు సరిగ్గా ఎదురుగా, 2.2 మైక్రాన్లకు ఒకటి చొప్పున పట్టీలుగా ఉంది.

లెక్క: మొత్తం పోతలు 52, రెండో వారం వరకు నిలిచినవి 31, బలం కొలిచినవి 26, రెండు కొసల వంపు కుదరక పక్కన పెట్టినవి 4.

6వ దశ: ప్రస్తుత పద్ధతి

1. మిల్లీలీటరుకు కోటిన్నర కణాలు, 4 మిల్లీగ్రాముల ఫైబ్రినోజెన్, 20 శాతం మాట్రిజెల్. అన్నీ మంచు మీదే కలపాలి. వెచ్చబడితే మాట్రిజెల్ గొట్టంలోనే గడ్డకడుతుంది.
2. ఫైబ్రినోజెన్ మిల్లీగ్రాముకు 0.2 యూనిట్ల థ్రాంబిన్ చివర కలిపి, కొద్ది సెకన్లలోనే 60 మైక్రోలీటర్లు తొట్టిలో పోయాలి. బుడగ పడితే ఆ తొట్టిని వదిలేయడం మేలు. పట్టీ తెగేది అక్కడే.
3. 37 డిగ్రీల వద్ద అరగంట ఉంచి, మూతను ఎత్తి లోతైన పళ్లెంలోకి మార్చాలి.
4. రెండు రోజులు పెరుగుదల ద్రవం, తర్వాత 2 శాతం గుర్రపు సీరం. రెండింటిలోనూ అమినోకాప్రోయిక్ ఆమ్లం.
5. నాలుగో రోజు నుంచి సాగదీత, ఆరో రోజు నుంచి తాకిడి. కొలత పదో రోజున.

మిగిలిన లోటులో కొంత కొసల దగ్గరే ఉందని పూసల కదలిక చెబుతోంది: టోపీ చుట్టూ ఉన్న 300 మైక్రాన్ల భాగంలో మయోట్యూబులు స్తంభం వెంట వంపు తిరిగి, బలం దిశకు అడ్డంగా పడుకుని ఉన్నాయి. తర్వాతి పోతలో గుండ్రటి టోపీకి బదులు పట్టీ వైపు చదునుగా ఉండే టోపీని అచ్చు వేశాను. స్తంభం అచ్చు మారింది కనుక గట్టిదనాన్ని మళ్లీ త్రాసు మీద కొలిస్తే 0.73 వచ్చింది. కొత్త స్తంభాల అంకెలన్నీ ఈ విలువతోనే లెక్కిస్తాను, పాత అంకెలతో కలపను.